పకోడికి పకోడి పెట్టకూడదు

మా కుక్క పేరు పకోడి. మూడేళ్ళ కిందట వానాకాలంలో ఒక సాయంత్రం మా ఆఫీసు గేటు పక్కన మిర్చిబండి కింద తడిసి ముద్దై కూర్చుని కనిపించాడు. రెండు అరచేతుల్లో పట్టేంత పిల్ల. ఒళ్ళంతా సరిగ్గా వేగిన పకోడి రంగు. ఇంకో పేరు తట్టలేదు. ఇంటికి తెచ్చుకున్న వారానికి తెలిసిందేమిటంటే, ఆ పేరున్న జీవికి జన్మలో పకోడి పెట్టకూడదట. అందులో ఉల్లిపాయ ఉంటుంది. ఉల్లి కుక్కల రక్తంలో ఎర్రకణాలను దెబ్బతీస్తుంది. పచ్చిదైనా, వేయించినదైనా, ఎండబెట్టి పొడి చేసినదైనా అంతే.

ఈ వారం నేను రాయబోయేది పకోడికి మా ఇంట్లో చేసే బిస్కెట్ల గురించి. బజారు నుంచి ప్రత్యేకంగా తెచ్చేది ఏమీ లేదు. వంటింట్లో ఉన్న జొన్నపిండి, గుమ్మడికాయ ముక్క, గుప్పెడు వేరుశనగలు, అంతే. కానీ ఆ బిస్కెట్ల దగ్గరికి మేం వచ్చిన దారి అంత తియ్యనిది కాదు. అది కూడా చెప్పకుండా ఒట్టి కొలతలు రాసి ఊరుకుంటే మోసం చేసినట్టే.

పోయిన శ్రావణంలో మా అమ్మ నంద్యాల నుంచి హైదరాబాద్ వచ్చింది. నాతో కలిసి ఉన్న అమ్మాయికి పెళ్ళయి వెళ్ళిపోయింది. ఫ్లాట్‌లో నేనూ పకోడీ మిగిలాం. నాన్నకు షాపు వదిలి రావడం కుదరదు. "రెండు నెలలు నీ దగ్గర ఉంటా పాపా" అని అమ్మ ఒక్కతే బస్సు దిగింది. దిగిన రోజు గుమ్మంలో నిలబడి, "దేవుడి గూడు ఉండే ఇంట్లో కుక్కేంది" అని లోపలికి రావడానికి పది నిమిషాలు ఆలోచించింది. పది రోజులయ్యేసరికి పొద్దున నేను లేచి చూస్తే అమ్మ కింద కూర్చుని కూరగాయలు తరుగుతుంటే వాడు ఆమె చీర కొంగు మీద తల పెట్టుకుని నిద్రపోతున్నాడు. "నేనేం పిలవలేదు, వాడే వచ్చినాడు" అంది అమ్మ, ఏదో నేరం ఒప్పుకుంటున్నట్టు.

నేను పొద్దున తొమ్మిదికి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే రాత్రి ఎనిమిదికి లేస్తాను. ఇంట్లోనే ఉంటాను కానీ ఉన్నట్టు కాదు. ఆ పదకొండు గంటలూ అమ్మకు మాట్లాడటానికి ఉన్నది వాడొక్కడే. నాన్న అలవాట్లు, మా మేనత్త కోడలు, కందిపప్పు ధర, అన్నీ వాడికి చెప్పేది. వాడు చెవులు రిక్కించి వినేవాడు. వింటున్నాడని అమ్మ నమ్మకం. ఆమె చేతిలో ఏదో ఒకటి ఉంటుందని వాడి నమ్మకం.

వరలక్ష్మీ వ్రతం రోజు. శుక్రవారం. అమ్మ పులిహోర, సేమ్యా పాయసం చేసింది. నేను తలుపేసుకుని మీటింగ్‌లో ఉన్నాను. మధ్యాహ్నం భోజనానికి బయటికి వస్తే పకోడి వంటింటి గడప మీద బుద్ధిమంతుడిలా కూర్చుని తోక ఊపుతున్నాడు. "ఈరోజు మహా సంతోషంగా ఉన్నాడు" అన్నాను. అమ్మ నవ్వింది.

ఆ రాత్రి వాడు రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. కింద పార్కులో గడ్డి తిన్నాడేమో అనుకున్నాను. శనివారమంతా తిండి ముట్టలేదు, ఒక మూల పడుకున్నాడు. ఆ రోజు మాకు పెద్ద రిలీజ్ ఉంది. నా కళ్ళు స్క్రీన్ మీద ఉన్నాయి. "వీడు ఎట్లనో ఉన్నాడు పాపా" అని అమ్మ రెండుసార్లు తలుపు తట్టింది. "రేపు చూద్దాం అమ్మా" అన్నాను. ఆదివారం పొద్దున వాడు లేవడానికే ఇష్టపడకపోతే అప్పుడు ఆటో పిలిచాను.

డాక్టరు మొదట అడిగిన ప్రశ్న, "ఏం తిన్నాడు?" నేను మామూలు తిండే అని చెప్పాను. ఆయన ఒక్కొక్కటే పేరు పెట్టి అడిగారు. చాక్లెట్? లేదు. ఉల్లిపాయ? లేదు. ద్రాక్ష, కిస్మిస్? నేను లేదు అనబోతుంటే వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది. "కిస్మిస్ తిన్నాడు సార్. మొన్న పాయసంలోకి ఏరుతుంటే నేనే పెట్టినా. గుప్పెడు ఉంటాయి."

రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగి ఉంది. అంటే కిడ్నీ మీద దెబ్బ పడడం మొదలైందన్నమాట. మూడు రోజులు సెలైన్ పెట్టారు. వాడి ముంజేతి మీద వెంట్రుకలు గొరిగి సూది గుచ్చుతుంటే అరవలేదు, అమ్మ వైపు చూశాడు.

తిరిగి వస్తూ ఆటోలో నేను అన్నమాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "తెలీనప్పుడు అడగాలి కదా. నీకెవరు పెట్టమన్నారు?"

అమ్మ జవాబు చెప్పలేదు. ఆ తరవాత వంటింట్లో పని చేసుకుంటున్నప్పుడు చేతులు కొంగుతో తుడుచుకోవడం గమనించాను. మాటిమాటికీ, ఏమీ అంటకపోయినా. బుధవారం వాడిని ఇంటికి తెచ్చాం. నీరసంగా నడిచి వెళ్ళి మామూలుగానే వంటింటి గడప మీద కూర్చున్నాడు. అమ్మ మొహం గోడకు తిప్పుకుంది. ఆ సాయంత్రం నన్ను అడిగింది, "శనివారానికి నంద్యాల బస్సుకు టికెట్ తీస్తావా పాపా?"

మా ఉద్యోగాల్లో ఒక పద్ధతి ఉంది. సర్వర్ పడిపోయి, నానా గొడవా అయి, మళ్ళీ లేచాక అందరం కూర్చుంటాం. ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, ఎందుకు జరిగింది అని రాస్తాం. దాన్ని బ్లేమ్‌లెస్ పోస్ట్‌మార్టమ్ అంటాం. అందులో ఒకటే నియమం. మనిషి పేరు మీద తప్పు రాయకూడదు. ఒక కుర్రాడు తప్పు బటన్ నొక్కాడంటే, ఆ బటన్ అంత సులువుగా నొక్కగలిగేలా ఎందుకు ఉంది, నొక్కే ముందు ఎవరూ ఎందుకు హెచ్చరించలేదు అని అడగాలి. మర్నాడు, గురువారం, శనివారం రిలీజ్‌లో వచ్చిన ఒక తప్పు మీద అలాంటి మీటింగ్ నేనే నడిపాను. కొత్తగా చేరిన అబ్బాయి భయంతో బిగుసుకుని కూర్చుంటే, "నీ తప్పు కాదు, ఆ విషయం రాసిన కాగితం నీకు చేరలేదు, అది మా తప్పు" అని నేనే ధైర్యం చెప్పాను.

ఆ మాట నోట్లోంచి బయటికి వచ్చాక నాకు తెలిసింది, నేను ఎవరితో అనాల్సిన మాట ఎవరితో అన్నానో.

ఎందుకంటే ఆ కాగితం మా ఇంట్లోనూ ఉంది. పకోడిని తెచ్చుకున్న వారంలో నేను ఒక షీట్ తయారు చేసుకున్నాను. కుక్కకు పెట్టకూడనివి, ముప్పై ఒక్క వరసలు. మూడో వరసలోనే కిస్మిస్. చక్కగా రంగులు కూడా వేశాను. అది ఇంగ్లీషులో, నా ల్యాప్‌టాప్‌లో, పాస్‌వర్డ్ వెనక ఉంది. రోజంతా వంటింట్లో ఉండే మనిషికి నేను ఒక్క వరస కూడా చదివి చెప్పలేదు. నా కుక్క, నా షీట్, నా మీటింగు. తప్పు మాత్రం అమ్మది.

గురువారం సాయంత్రం ఆరింటికే ల్యాప్‌టాప్ తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. "అమ్మా, డబ్బాలన్నీ దించుదాం పట్టు" అన్నాను. గట్టు ఎడమ వైపు పెట్టకూడనివి, కుడి వైపు పెట్టొచ్చు. అమ్మ మొదట కదల్లేదు. తరవాత ఒక్కో డబ్బా మూత తీసి చూపించడం మొదలుపెట్టింది. పరీక్ష రాస్తున్న పిల్లలా అడిగింది, "ఇది యా పక్క?"

కిస్మిస్, ద్రాక్ష ఎడమకి. ఎన్ని తింటే ప్రమాదం అన్న లెక్క లేదు. ఒక కుక్క గుప్పెడు తిని బాగానే ఉంటుంది, ఇంకొకటి కొన్నింటికే మంచాన పడుతుంది. అందుకే ఒక్కటి కూడా వద్దు. ఉల్లి, వెల్లుల్లి ఎడమకి. చాక్లెట్, కోకో పొడి, కాఫీ పొడి, టీ పొడి ఎడమకి. చాక్లెట్‌లో థియోబ్రోమిన్ అనే పదార్థం ఉంటుంది. మన ఒంట్లో అది త్వరగానే కరిగి బయటికి పోతుంది, కుక్క ఒంట్లో గంటల తరబడి నిలిచి గుండెను పరుగెత్తిస్తుంది. జాజికాయ ఎడమకి. పులవడానికి పెట్టిన ఈస్ట్ పిండి ముద్ద ఎడమకి, అది కడుపులో కూడా పొంగుతూనే ఉంటుంది. ఉప్పు, కారం, ఊరగాయలు సరేసరి.

చింతపండు డబ్బా దగ్గర అమ్మ ఆగింది. "ఇదేం చేస్తుంది?" అంది. నేను షీట్‌లో చూశాను. లేదు. అప్పుడు వెతికితే దొరికిన సంగతి ఇది. ద్రాక్షలో కుక్కకు పడనిది ఏమిటో చాలా ఏళ్ళు ఎవరికీ అంతుపట్టలేదు. 2021లో అమెరికాలో జంతువుల విషప్రమాదాలు చూసే డాక్టర్లు, అది టార్టారిక్ ఆమ్లం అయి ఉండొచ్చని ప్రతిపాదించారు. వాళ్ళకు ఆ అనుమానం రావడానికి కారణం కేకుల్లో వాడే క్రీమ్ ఆఫ్ టార్టర్, మన చింతపండు. ఆ రెండూ తిన్న కుక్కల్లోనూ కిడ్నీలు అదే తీరులో దెబ్బతిన్నాయి. చింతపండు పులుపులో ఎక్కువ భాగం ఆ ఆమ్లమే. అంటే పులిహోర, చారు, పులుసు అన్నం, ఇవన్నీ ఎడమకే. ఇంగ్లీషు జాబితాలు చూసి రాసుకున్న నా ముప్పై ఒక్క వరసల్లో మన వంటింటి మహారాజు లేడు. అమ్మ అడగకపోతే ఎప్పటికీ ఉండేవాడు కాదు.

అమ్మకు షుగర్ ఉంది. ఆమె సంచీలో చక్కెర లేని చూయింగ్ గమ్ ఉంది, బస్సులో వికారానికి. అది అన్నిటికంటే ముందు పైకి ఎక్కింది. జైలిటాల్ అనే తీపి కొన్ని చక్కెర లేని గమ్ముల్లో, మిఠాయిల్లో, కొన్ని రకాల పీనట్ బటర్‌లో కూడా వాడతారు. మనకు ఏమీ కాదు. కుక్క ఒంట్లో మాత్రం అది ఒక్కసారిగా ఇన్సులిన్‌ను పొంగించి, అరగంటలోనే రక్తంలో చక్కెరను పడేయగలదు. లివర్‌ను కూడా దెబ్బతీస్తుంది. ప్యాకెట్ వెనక ఆ పేరు గానీ, 967 అన్న అంకె గానీ ఉంటే కుక్కకు అందని చోట పెట్టాలి.

గట్టు ఎడమ వైపు నిండిపోయింది. అమ్మ దాన్ని చూస్తూ, "మా ఊర్లో కుక్కలు ఏం తిన్నాయి మరి? పులుసు అన్నం తిన్నాయి, సంగటి తిన్నాయి. అన్నీ బతికినాయి కదా" అంది.

మంచి ప్రశ్నే. సంగటి తిని బతకడంలో ఆశ్చర్యం లేదు. స్వీడన్‌లోని ఉప్సలా శాస్త్రవేత్తలు 2013లో కుక్క జన్యువులను తోడేలు జన్యువులతో పోల్చి చూశారు. పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు తోడేలులో రెండు ప్రతులు ఉంటే కుక్కలో చాలా ఎక్కువ ఉన్నాయి. మనిషి ఎంగిలి అన్నం తిని మనతో వేల ఏళ్ళు నడిచిన జంతువు కడుపు కూడా మనలాగే కొంత మారింది. జొన్న, రాగి, వరి దానికి కొత్త కాదు. అదంతా చెప్పి, "కానీ అమ్మా, బతికినవి మనకు కనిపించాయి. పోయినవి ఎందుకు పోయాయో ఎవరు చూశారు?" అన్నాను.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత మెల్లగా చెప్పింది. "మా నాయన దగ్గర మోతీ అని ఉండె. నా పెండ్లికి ముందు ఏడు. నాలుగు దినాలు ఏమీ తినకుండా గడ్డివాము వెనకాల పండుకుండె. వయసయింది అనుకున్యాం. అంత వయసేం కాదు దానికి." అది ఏం తిని పోయిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. కానీ మొదటిసారి ఆమె ఆ ప్రశ్న అడుక్కుంది.

"సారీ అమ్మా" అన్నాను. మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు. అమ్మకు ఏం చెయ్యాలో తెలియక కందిపప్పు డబ్బా మూత గట్టిగా తిప్పింది. "సరేలే. పెట్టగూడనివి చూస్తిమి. పెట్టేటివి ఏమున్నాయి చెప్పు" అంది.

బిస్కెట్ల కథ అక్కడ మొదలైంది. బస్సు టికెట్ మాట మళ్ళీ రాలేదు.

కుడి వైపు ఉన్నవి ఇవీ. జొన్నపిండి, రాగిపిండి, ఓట్స్, బియ్యం. ఎర్ర గుమ్మడికాయ ముక్క, క్యారెట్లు, చిలగడదుంపలు, బీన్స్. ఉప్పు లేని వేరుశనగలు. గింజలు తీసిన ఆపిల్, కొద్దిగా అరటిపండు. కొంచెం పెరుగు. గుడ్డు ఉంది కానీ శ్రావణం అయ్యేదాకా అమ్మ ముట్టదు. కాబట్టి గుడ్డు లేకుండానే చెయ్యాలి.

పది రోజుల తరవాత రెండోసారి రక్తపరీక్ష చేసి, లెక్క మామూలుకు వచ్చింది, ఇవి పెట్టుకోవచ్చు అని డాక్టరు చెప్పాకే పొయ్యి వెలిగించాం.

మొదటి వాయి నాది. జొన్నపిండిలో ఉడికించిన గుమ్మడి గుజ్జు, చన్నీళ్ళు పోసి కలిపాను. ఓవెన్‌లోంచి తీసేసరికి ఎండాకాలం చెరువులా నెర్రెలు విచ్చాయి. పట్టుకుంటే పొడి. గోధుమలో ఉండే జిగురు జొన్నలో ఉండదు. ఈ సంగతి నేను ఫోనులో చదువుతుంటే అమ్మ వెనక నిలబడి, "జొన్నపిండికి చన్నీళ్ళు పోస్తారంటే యాడన్నా?" అంది. నలభై ఏళ్ళుగా రొట్టెలు కొడుతున్న చెయ్యి అది. ఎసరు కాగబెట్టి, మరిగే నీళ్ళు పిండిలో పోసి, గరిటెతో కలిపి, చెయ్యి ఓర్చుకునేంత వేడి ఉన్నప్పుడే మర్దించింది. మరిగే నీళ్ళు తగిలితే పిండిలోని గంజి ఉడికి జిగురవుతుంది. ముద్ద వెన్నలా వచ్చింది. ఇంజనీరింగ్ చదివింది నేను.

రెండో వాయి చూడటానికి బాగుంది. నాలుగో రోజుకు డబ్బాలో బూజు పట్టింది. తప్పు మళ్ళీ నాదే. పైన ఎర్రగా కాలిందని తీసేశాను, లోపల తడి అలాగే ఉంది. కొన్న బిస్కెట్లలో నిల్వకు మందులు ఉంటాయి, మన దాంట్లో ఉండేది ఎండడం ఒక్కటే.

మూడో వాయి నిలిచింది. కొలతలు ఇవీ. ఒక గ్లాసు జొన్నపిండి. అదే గ్లాసుతో మూడో వంతు ఎర్ర గుమ్మడి గుజ్జు. ఆవిరి మీద ఉడికించి, నీళ్ళు కారిపోయేలా వడగట్టాలి. బూడిద గుమ్మడి కాదు. రెండు చెంచాల వేరుశనగ పొడి, ఉప్పు లేకుండా ఇంట్లో వేయించినది. గింజ మీద బూజు మచ్చ ఉంటే పారెయ్యండి, ఆ బూజు విషం కుక్కకు మనకంటే ప్రమాదం. పిండిలో వేరుశనగ పొడి కలిపి, మరిగే నీళ్ళు కొంచెం కొంచెంగా పోసి, గుజ్జు వేసి, చపాతీ ముద్ద కంటే కాస్త గట్టిగా మర్దించాలి. ఉప్పు, చక్కెర, బెల్లం, వంటసోడా ఏవీ వద్దు. పావు అంగుళం మందంలో ఒత్తి, చిన్న మూతతో బిళ్ళలు కొయ్యాలి. 180 డిగ్రీల్లో పాతిక నిమిషాలు. తరవాత తిరగేసి, వేడి 120కి తగ్గించి ఇంకో అరగంట. ఓవెన్ ఆపేశాక తలుపు కొద్దిగా తెరిచి చల్లారేదాకా లోపలే వదిలెయ్యాలి. విరిస్తే 'టక్' మనాలి. వంగితే ఇంకా తడి ఉన్నట్టు.

ఓవెన్ లేకపోతే ఆగక్కర్లేదు. కుక్కర్ అడుగున మందంగా ఉప్పు పోసి, మీద ఒక స్టాండు, దాని మీద పళ్ళెం. గాస్కెట్, విజిల్ రెండూ తీసేసి మూత పెట్టి పది నిమిషాలు వేడి చేశాక బిళ్ళలు పెట్టి సన్నని మంట మీద నలభై నిమిషాలు. నంద్యాలలో అమ్మ ఇప్పుడు చేసేది అలాగే.

గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే వారం, పది రోజులు. అంతకంటే ఎక్కువ చేస్తే ఫ్రీజర్‌లో పెట్టండి.

ఇంత నిరాడంబరమైన బిస్కెట్ ఏమిటని అనుకోవద్దు. కుక్క బిస్కెట్ అనేదే ఒక పేద వంటకంగా పుట్టింది. 1860ల ప్రాంతంలో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికా వ్యాపారి ఇంగ్లండ్ వెళ్ళాడు. నావికులు పడేసిన గట్టి బిస్కెట్లను రేవులో కుక్కలు కొరుక్కు తినడం చూసి ఆయనకు ఆలోచన వచ్చిందని చెబుతారు. ఆ ఓడ బిస్కెట్ అంటే పిండీ నీళ్ళే, రాయిలా ఎండేదాకా కాల్చినవి. స్ప్రాట్ దానికి కూరగాయలు, మాంసం కలిపి అమ్మాడు. ఆయన దగ్గర పనిచేసిన చార్ల్స్ క్రఫ్ట్ అనే కుర్రాడే తరవాత 1891లో లండన్‌లో కుక్కల ప్రదర్శన పెట్టాడు. క్రఫ్ట్స్ పేరుతో ఇప్పటికీ జరిగేది అదే.

ఎన్ని పెట్టాలన్నది అసలు ప్రశ్న. చిరుతిండి రోజు తిండిలో పదో వంతు దాటకూడదని పశువైద్యులు చెబుతారు. పకోడి బరువు పదిహేను కిలోలు. వాడికి రోజుకు సుమారు 800 క్యాలరీలు అనుకుంటే చిరుతిండి వాటా 80. జొన్నపిండి 100 గ్రాములకు దాదాపు 350 క్యాలరీలు. అంటే 5 గ్రాముల బిస్కెట్ ఒక్కోటి 17, 18. రోజుకు నాలుగు. ఈ లెక్క చెబితే అమ్మ మొహం చిన్నబోయింది. "నాలుగేనా?" అంది. మర్నాడు చూస్తే ఒక్కో బిస్కెట్‌ను నాలుగు ముక్కలు విరిచి డబ్బాలో పెట్టింది. "పదహారు సార్లు పెట్టొచ్చు ఇప్పుడు. వాడికి ఎంత పెట్టినామని కాదు, ఎన్నిసార్లు పిలిచినామని లెక్క" అంది. కుక్కలకు శిక్షణ ఇచ్చేవాళ్ళు కూడా చిన్న ముక్కలే పెట్టమంటారు. అమ్మ మాత్రం ఎవరినీ అడగలేదు.

ఆ మొదటి ముక్క పెట్టిన రోజు చెప్పాలి. వాడు గడప మీద కూర్చున్నాడు. అమ్మ ముక్క చేత్తో పట్టుకుని నా వైపు చూసింది. నేను తల ఊపాను. అయినా అడిగింది, "పెట్టనా?" పెట్టమన్నాను. ఆమె చెయ్యి కొద్దిగా వణికింది. వాడు వాసన చూసి, మెల్లగా పళ్ళతో అందుకుని, ఆ మూల తన చాప మీదికి తీసుకెళ్ళి టక్కుటక్కుమని నమిలాడు. నమిలి, తిరిగి వచ్చి, మళ్ళీ ఆమె ముందే కూర్చున్నాడు. అమ్మ ఆ రోజు చేతులు తుడుచుకోలేదు.

ఆ ఎడమ వైపు జాబితా ఇప్పుడు మా ఫ్రిజ్ తలుపు మీద ఉంది. తెలుగులో, అమ్మ చేతిరాతతో, మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో. ముప్పై ఒకటి కాస్తా ముప్పై రెండయింది. చివరి వరస చింతపండు. కింద డాక్టరు గారి ఫోను నంబరు. పనికి వచ్చే అక్క చదివింది, పాలబ్బాయి చదివాడు, మా ఎదురు ఫ్లాట్ పిల్లలు చదివి ఇంటికెళ్ళి చాక్లెట్లు దాచారు.

మీ ఇంట్లోనూ కుక్క ఉంటే ఈ వారం బిస్కెట్లు చేసినా చెయ్యకపోయినా ఆ కాగితం ఒక్కటి రాయండి. మీరు చదివే భాషలో కాదు, వంటింట్లో ఎక్కువసేపు ఉండేవాళ్ళు చదివే భాషలో. చదవడం రాకపోతే డబ్బాల మీద ఎర్ర చుక్క పెట్టండి. ఇంకో మాట. వాడు కిస్మిస్సో, చాక్లెట్టో తిన్నాడని తెలిస్తే వాంతి అయ్యేదాకా నాలా ఎదురు చూడకండి. తిన్న గంటా రెండు గంటల్లో డాక్టరు దగ్గరికి తీసుకెళితే వాంతి చేయించి బయటికి తీసే వీలుంటుంది. ఇంట్లో ఉప్పునీళ్ళు తాగించే పని మాత్రం పెట్టుకోవద్దు, అది ఇంకో ప్రమాదం. అలాగే ఏం తిన్నాడని అడిగేటప్పుడు గొంతు తగ్గించి అడగండి. భయపడిన మనిషి నిజం చెప్పదు. మా అమ్మ కాబట్టి చెప్పింది.

అమ్మ దసరాకు ముందు నంద్యాల వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు ఫ్రిజ్ తలుపును ఫోనులో ఫోటో తీసుకుంది. నిన్న రాత్రి ఫోను చేసి, "పకోడి తిన్నాడా?" అని మొదలుపెట్టింది. నేను తిన్నానా అన్నది మూడో ప్రశ్న. తరవాత చెప్పింది, వాళ్ళ వీధిలో ఒకాయన కొత్తగా కుక్కపిల్లను తెచ్చాడట. ఈమె ఆ కాగితం ఇంకోసారి రాసి, కుక్కర్‌లో కాల్చిన బిస్కెట్లు ఒక డబ్బాతో సహా ఇచ్చి వచ్చిందట.

"ఆయన భార్యకే ఇచ్చినా పాపా" అంది. "వంట చేసేది ఆమె కదా."